దాచుకున్న బొమ్మలు

డిసెంబరులో అరకులోయ చూసినవారికి వలిసెపూల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. రోడ్డుకు అటూ ఇటూ పసుపు పరుచుకుని ఉంటుంది. కార్లు ఆగుతాయి. జనం చేలోకి దిగుతారు, చేతులు చాపి ఫొటోలు తీయించుకుంటారు, కాసేపట్లో బొర్రా గుహలకో కాఫీ మ్యూజియానికో వెళ్లిపోతారు. తొక్కిన మొక్కలు రైతుకు మిగులుతాయి. ఈ హడావుడిలో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు చేనుగట్టు మీద కదలకుండా కూర్చుని కనిపిస్తారు. ఒళ్లో స్కెచ్‌బుక్కు, పక్కన నీళ్లు పోసిన సీసామూత, చెవి మీద పెన్సిలు. వారి పేరు ఏ గ్యాలరీ జాబితాలోనూ ఉండదు. వారమంతా బ్యాంకులోనో, బడిలోనో, ఉక్కు కర్మాగారంలోనో పని. సెలవు దొరికిన రోజు బొమ్మలు. ఇంటికి చేరాక ఆ పుస్తకం బీరువాలో చీరల కిందికో, పాత కరెంటు బిల్లుల పక్కకో వెళ్లిపోతుంది.

ఆ పుస్తకాలు బయటికి రావాలి. ఈ మాట చెప్పడానికి అరకులోయ కంటే తగిన చోటు ఇంకొకటి తోచడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పుస్తకంలో ఏముంటుందో చూడాలి.

మొదటి పేజీల్లో సాధారణంగా రైలు ఉంటుంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే దారిలో అరకు చేరేలోగా వరసగా సొరంగాలు వస్తాయి. బైలదిలా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడం కోసం 1960లలో కొండల్ని తొలిచి వేసిన మార్గమిది. కిటికీ పక్కన కూర్చుని బొమ్మ వేసేవారికి దీనంత కఠినమైన గురువు దొరకడు. ఒక కొండవాలు గీయడం మొదలుపెడతారు, సొరంగం వస్తుంది, చీకటి. వెలుగు వచ్చేసరికి ఆ కొండ లేదు, ఇంకో లోయ ఉంది. ఇక మిగిలింది కంటికి గుర్తున్నదే. రెండు మూడు సొరంగాలు దాటేసరికి చెయ్యి వివరాలు వదిలేయడం నేర్చుకుంటుంది. చెట్లు పోయి చెట్ల బరువు ఒక్కటే కాగితం మీద నిలుస్తుంది. డ్రాయింగ్ మాస్టర్లు ఏళ్ల తరబడి చెప్పినా ఒంటబట్టని విద్య ఇది.

ఆ తర్వాతి పేజీల్లో రంగులు మొదలవుతాయి. ఇక్కడే ఔత్సాహికుల బొమ్మలు ప్రొఫెషనల్ చిత్రకారుల బొమ్మల నుంచి విడిపోతాయనిపిస్తుంది. వృత్తి చిత్రకారుడికి తన సామగ్రి మీద లెక్క ఉంటుంది. కొనేవాడి గోడ మీద ఆ రంగు పదికాలాలు నిలవాలి. ఔత్సాహికుడికి ఆ బాదరబందీ లేదు. చేతికి ఏది అందితే అది కాగితం మీదికి ఎక్కుతుంది. రైలు టికెట్టు, సంతలో బెల్లం పొట్లం కట్టిన కాగితం, ఎండిన అడ్డాకు ముక్క, ఇండియన్ ఇంకు, పిల్లల క్రేయాన్, ఫెవికాల్. దీన్ని ఇప్పుడు మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. కళాచరిత్ర పుస్తకాలు 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన గుడ్డను కాన్వాసుకు అతికించిన దగ్గర్నుంచి కథ మొదలుపెడతాయి. అంతకు నూట నలభై ఏళ్ల ముందే, 1772లో, మేరీ డెలానీ అనే ఇంగ్లిషు వితంతువు 72 ఏళ్ల వయసులో రంగు కాగితాలను సన్నగా కత్తిరించి నల్ల కాగితం మీద పువ్వులు అతికించడం మొదలుపెట్టింది. కళ్లు సహకరించినంతవరకూ, పదేళ్లపాటు అదే పని. దాదాపు వెయ్యి పువ్వులు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆమె వాటిని అమ్మడానికి చేయలేదు, స్నేహితులకు చూపించడానికి చేసింది.

అరకు పుస్తకంలో తప్పనిసరిగా కనిపించే రంగు కాఫీ. తాగగా మిగిలిన కాఫీలో కుంచె ముంచడం ఎవరికైనా తోచే పనే. అయినా అందులో మెళకువ చాలానే ఉంది. పల్చని డికాక్షను మొదటి పూతలో తేనెరంగు ఇస్తుంది. అది పూర్తిగా ఆరాక రెండో పూత, మళ్లీ ఆరాక మూడోది. అలా పూత మీద పూత వేస్తే కొండల వరస ఒకదాని వెనక ఒకటి లేస్తుంది. దగ్గరి కొండ ముదురు, దూరపుది లేత. ఇన్‌స్టంట్ పొడిని రెండు చుక్కల నీళ్లతో చిక్కగా కలిపితే దాదాపు నలుపు. పాలు కలిపితే మాత్రం బొమ్మ చెడుతుంది, చీమలూ పడతాయి. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన, పొగమంచు పట్టిన ఉదయాన పూత ఓ పట్టాన ఆరదు. తొందరపడితే రెండు కొండలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కొందరు ఆ కలిసిపోవడాన్నే మంచుగా వాడుకుంటారు. ఎండ తగిలే గోడకు పెడితే ఈ రంగు క్రమంగా వెలిసిపోతుంది. అమ్మకానికి పనికిరాదు. పుస్తకంలో మూసి ఉంచితే చాలాకాలం ఉంటుంది.

ఇక ఆ కాఫీ కథ అందరికీ తెలిసిందే. సిల్వర్‌ఓక్ నీడన, మిరియం తీగల మధ్య ఆదివాసీ రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. ఇంత పేరున్న కాఫీని బొమ్మకు పూయడం దుబారా అనేవాళ్లుంటారు. రెండు చెంచాల డికాక్షనుకు ఎంత కొండకనుమ కాగితం మీదికి దిగుతుందో చూశాక ఆ లెక్క వేయాలి.

రెండో రంగు మట్టి. అరకు ఎర్రమట్టిని గుప్పెడు తెచ్చి నీళ్లలో కలిపి, బరక అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన ఎర్రనీళ్లను ఇంకో గిన్నెలోకి వంపుకోవాలి. అవి ఆరాక అడుగున నిలిచే మెత్తని పొడికి తుమ్మజిగురు నీళ్లు కలిపితే కాగితానికి అంటుకునే రంగు సిద్ధం. దుకాణంలో ట్యూబులో దొరికే వాటర్‌కలర్‌లోనూ ప్రధానంగా ఉండేది రంగుపొడీ జిగురే. ఈ కొండలు జిగురుకు పెట్టింది పేరు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దశాబ్దాలుగా ఇక్కడి ఆదివాసుల నుంచి కొంటున్న అటవీ ఫలసాయంలో తపసిజిగురు ఒకటి. కరక్కాయ మరొకటి. కలంకారీ చేసేవారు గుడ్డను మొదట నానబెట్టేది ఆ కరక్కాయ నీళ్లూ పాలూ కలిపిన దాంట్లోనే. అది లేకపోతే నల్లరంగు గుడ్డను పట్టదు. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి కూడా అడవి సరుకే. దాని రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి బొమ్మలవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. కొండ దిగి వరాహనది ఒడ్డున ఏటికొప్పాకకు వెళితే అంకుడుకర్ర బొమ్మలకు లక్కతో పాటు పసుపు, నీలి, జాఫ్రా వంటి రంగులు పూస్తారు. కాబట్టి కొండల్లో రంగుపెట్టె లేదని ఎవరూ దిగులు పడనక్కర్లేదు.

మిక్స్‌డ్ మీడియా అనే మాట కొత్తగా ఉందనుకునేవారు అరకు గిరిజన మ్యూజియంలో కాసేపు తిరగాలి. గదబ స్త్రీలు ఒకప్పుడు కట్టుకున్న కెరంగు చీర చూడాలి. అడవి చెట్ల నార తీసి, నానబెట్టి, కొట్టి, వడికి, నూలుతో జోడించి చిన్న మగ్గం మీద తామే నేసుకునేవారు. ఎరుపు, నీలం, తెలుపు చారలు. నార బిరుసుగా ఉంటుంది, నూలు మెత్తగా ఉంటుంది. ఒక చార వెలుగును మింగుతుంది, ఇంకోటి వెనక్కి కొడుతుంది. రెండు మాధ్యమాలు పక్కపక్కన కూర్చుంటే ఏం జరుగుతుందో ఏ అకాడెమీకీ వెళ్లకుండానే వాళ్లకు తెలుసు. ఆ నేతకు పెట్టిన గంటలకు కూలి లెక్క వేస్తే మిల్లు చీరే చవక. అందుకే అది ఒంటి మీద నుంచి అద్దాల వెనక్కి పోయింది.

ఇంతవరకూ చెప్పింది సామగ్రి సంగతి. అసలు విషయం చూపించడం.

అరకుకు ఉత్తరంగా ఇవే తూర్పు కనుమలు పార్వతీపురం మన్యంలోకి, అక్కడి నుంచి ఒడిశా గంజాం, రాయగడ కొండల్లోకి సాగుతాయి. సీతంపేట చుట్టుపక్కల సవరలు ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ నేర్చుకుని, 1931లో వాచకవ్యాకరణ గ్రంథమూ 1938లో నిఘంటువూ వెలువరించింది ఈ సవర భాషకే. సవర ఇళ్ల లోపలి గోడల మీద వేసే బొమ్మల గురించి విస్తారంగా రాసింది వెరియర్ ఎల్విన్. ఇంగ్లండు నుంచి మతప్రచారకుడిగా వచ్చి, ఆ పని వదిలేసి, ఆదివాసుల మధ్య కాపురం పెట్టినవాడు. మానవశాస్త్రాన్ని తరగతి గదిలో నేర్చుకోనివాడు. ఒకరకంగా ఆయనా ఔత్సాహికుడే. 1951లో మధ్యభారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద ఆయన పుస్తకాలు వచ్చాయి.

ఎల్విన్ చెప్పిన సంగతుల్లో ఒకటి మనకు పనికొస్తుంది. ఇంట్లో జబ్బు వచ్చినా, చనిపోయిన పెద్దలు కలలో కనిపించి అడిగినా, పంట బాగుండాలన్నా గోడకు ఎర్రమట్టి పూసి, దాని మీద బియ్యప్పిండితో తెల్లగా, మసితో నల్లగా బొమ్మ వేస్తారు. కుంచె అంటే చివర నలిపిన పుల్ల. ఒక చదరపు గీత గీస్తే అది పెద్దలకు ఇల్లు. అందులో ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, చెట్లు, నాట్యం చేసేవాళ్లు. కాలం మారాక సైకిలూ విమానమూ కూడా చేరాయి. వేసేవాడు ఆ పనే జీవనంగా బతికేవాడు కానక్కర్లేదు. చెయ్యి తిరిగినవాడై ఉంటే చాలు. బొమ్మ పూర్తయ్యాక పూజ చేసేవాడు పెద్దలను పిలిచి చూపిస్తాడు. ఇది మీకోసం కట్టిన ఇల్లు, బాగుందా అని అడుగుతాడు. పెద్దలకు తృప్తి కలగకపోతే ఆ మాట పూనకంలో అతని నోటే వస్తుంది. గుర్రం మరిచారనో, ఇంకేదో తక్కువైందనో. వేసినవాడు నొచ్చుకోడు. పుల్ల తీసుకుని గుర్రం చేర్చేస్తాడు.

బొమ్మను చూపించడం కూడా బొమ్మలో భాగమేనని ఆ గోడ ముందు అందరికీ తెలుసు. వేయడం సగం పని. ఎవరి కోసం వేశారో వారు చూసి, ఒక మాట అని, ఆ మాట మళ్లీ గోడ మీదికి ఎక్కితే అప్పుడు పూర్తి. అవసరం తీరాక గోడకు మళ్లీ మట్టి పూస్తారు, ఇంకోసారి ఇంకో బొమ్మ. దాన్ని అపురూపంగా కాపాడాలన్న ఆదుర్దా ఉండదు. ఒడిశా వైపు ఈ కళ కాగితం మీదికి, గుడ్డ మీదికి వచ్చి బజారుకూ చేరింది. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేసేవారికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. అయితే బజారుకు చేరిన బొమ్మను గుర్రం మరిచారు అని అడిగేవాళ్లు ఉండరు. ఉంటే గింటే ధర తగ్గించమని అడుగుతారు.

మన ఔత్సాహికుల పరిస్థితి ఇంకోరకం. వాళ్ల బొమ్మకు బజారూ లేదు, గోడా లేదు. ఎవరికి చూపించాలో తెలియదు. చూపిస్తే ఎదురయ్యే ప్రశ్నలు ముందే తెలుసు. ఎక్కడ నేర్చుకున్నారు? ఎంతకు అమ్ముతారు? దీనివల్ల ఏమొస్తుంది? ఈ మూడూ దాటాక వచ్చే గొప్ప ప్రశంస ఒకటుంది. అచ్చం ఫొటోలా ఉందండీ! ఇంతకంటే నీరసపరిచే మెచ్చుకోలు లేదు. ఫొటోయే కావాలనుకుంటే ఆ మనిషి జేబులోనూ ఫోను ఉంది. ఎండలో గంటన్నర కూర్చుని, పురుగులు కుట్టించుకుని, ఆరని పూత మీద ఊదుకుంటూ గీసింది ఫొటోలో రానిదాని కోసమే. వలిసెచేను ఫొటోలో ఎప్పుడూ పసుపే. గంటసేపు చూసినవారి బొమ్మలో దాని కింద ఆకుల మట్టిరంగు కనిపిస్తుంది, మధ్యాహ్నం దాటాక పసుపులోకి దిగే బూడిదరంగు కనిపిస్తుంది, చేనుకు అవతల మేకల్ని తోలుకుపోతున్న మనిషి ఒక్క గీతలో కనిపిస్తాడు.

చూపించడం ఎంత దూరం పోతుందో మన దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలు. ఉద్యోగం పాఠాలు చెప్పడం, కాలేజీ నడపడం. ఇష్టం బొమ్మలు, కవిత్వం. గోదావరి గట్టున, పాపికొండల దిక్కున చూసినవాటిని నీటిరంగుల్లో వేసుకునేవాడు. తర్వాత స్వదేశానికి వెళ్లాక 1924లో తెచ్చిన జ్ఞాపకాల పుస్తకంలోనూ తన బొమ్మలే పెట్టుకున్నాడు. లోకం ఆయన్ని గొప్ప చిత్రకారుడిగా లెక్కపెట్టలేదు, ఆయనా అలా అనుకోలేదు. కానీ బొమ్మల్ని గదిలో దాచుకోలేదు. ఆయన చుట్టూ చేరిన కుర్రవాళ్లలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఉన్నారు. రామారావు చేతిలో ఏముందో గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపే ఏర్పాటు చేసింది కూల్డ్రేనే. రామారావు తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మసూచి ఆ యువకుణ్ణి తీసుకుపోయింది, ముప్పై ఏళ్లయినా నిండలేదు. ఆంధ్రదేశపు ఆధునిక చిత్రకళకు మొదటి పుట ఆ కొద్ది ఏళ్లే. ఆ పుట వెనక ఓ కాలేజీ ప్రిన్సిపాలు సెలవురోజుల బొమ్మలున్నాయి.

తుమ్మపూడి సంజీవదేవ్‌ది ఇంకో దారి. కళావిమర్శకుడిగా ఆయన్ని చదివినవారిలో చాలామందికి ఆయన బొమ్మలు తెలియవు. ఏ కళాశాలలోనూ కూర్చోలేదు. హిమాలయాల్లో తిరిగి, కులూలో చిత్రకారుడు రోరిక్ కుటుంబం దగ్గర గడిపి, గుంటూరు జిల్లా పల్లెకు తిరిగొచ్చి అక్కడే ఉండిపోయాడు. కొండలూ మబ్బులూ చిన్న చిన్న కాగితాల మీద వేసుకున్నాడు. ఆయన ఉత్తరాలు అందుకున్నవారు దేశమంతటా ఉన్నారు.

రవీంద్రనాథ్ టాగోర్ సంగతి మరీ విచిత్రం. రాతప్రతిలో కొట్టివేతల్ని కలుపుతూ గీసిన గీతలు ముఖాలూ జంతువులూ అయ్యాయి. అరవై దాటాక నిజంగా బొమ్మలకు కూర్చున్నాడు. నోబెల్ వచ్చిన కవికి కొత్తగా నవ్వులపాలు కావలసిన అవసరం ఏముంది? అయినా 1930 మే నెలలో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు. ఆ నెలలోనే ఆయనకు 69 ఏళ్లు నిండాయి. మూడేళ్ల తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసాలివ్వడానికి విశాఖ వచ్చాడు. అరకు కొండలు ఎక్కడానికి అప్పుడు ఈ రైలు లేదు.

పేరు లేనివాళ్లను మరచిపోతే అన్యాయం. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత సర్కారు జిల్లాల మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి మూడు సంపుటాలుగా కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం అచ్చయింది. అంతకుముందు విశాఖలో ఉన్న పాట్రిక్ రస్సెల్ 1796లో పాముల పుస్తకం తెచ్చాడు. అట్టల మీద వాళ్ల పేర్లున్నాయి. ఆకు ఈనెలు ఒక్కొక్కటీ గీసిన చేతుల పేర్లు లేవు.

అది గుర్తుపెట్టుకుని అరకు వెళ్లే చిత్రకారులతో రెండు మాటలు చెప్పాలి. లోయలో రిసార్టు గోడల మీద థింసా ఆడే స్త్రీల బొమ్మలు కనిపిస్తాయి. అందరూ ఒకే నడుము, ఒకే నవ్వు. వేయించినవారికి అలంకారం కావాలి, వేసినవారికి కూలి కావాలి. ఎవరినీ తప్పుపట్టలేం. సెలవురోజున ఇష్టంతో వేసేవారికి మాత్రం అలాంటి హడావుడి లేదు కదా. సంతలో కూర్చున్న ముసలమ్మ ముక్కునత్తులు బొమ్మకు బాగుంటాయని దూరం నుంచి గీసుకుని వెళ్లిపోవడం కంటే, పక్కన కూర్చుని అడిగి గీయడం మర్యాద. గీసింది ఆవిడకే మొదట చూపించాలి. ఇది నేను కాదు అని ఆవిడ అంటే ఆ మాట వినాలి. సవర ఇంట్లో గుర్రం అడిగిన పెద్దలకు ఉన్న హక్కు ఆవిడకూ ఉంది. కుదిరితే ఒక ప్రతి ఇచ్చి రావాలి. అలాగే సవర గోడల మీది ముక్కోణపు మనుషుల్ని టీ కప్పుల మీదికి, కీచెయిన్ల మీదికి ఎక్కించి సొంత బొమ్మలుగా చూపించుకోవడం బాగోదు. ఆ బొమ్మ ఎవరో ఒకరి తాత కోసం వేసినది.

ఇప్పుడు యంత్రాన్ని అడిగితే అరకు బొమ్మ క్షణంలో వస్తుంది, ఇక చేత్తో గీయడం దేనికన్న వాదన ఉంది. దానికి పొడుగైన జవాబు అనవసరం. అడిగినవాడు అరకు వెళ్లనక్కర్లేకుండా వచ్చే బొమ్మ అది. గట్టు మీద కూర్చున్నవారికి కావలసింది అక్కడ కూర్చోవడమే.

చూసేవారి బాధ్యత గురించి కూడా చెప్పుకోవాలి. ఎవరైనా మొహమాటంగా స్కెచ్‌బుక్కు చేతికిస్తే, పేజీలు గబగబా తిప్పి సూపర్ అనేసి టీ తాగడం మన అలవాటు. ఆ సూపర్ వల్ల వేసినవారికి ఒరిగేదేమీ లేదు. ఒక పేజీ దగ్గర ఆగండి. ఈ కొండ వెనక వెలుగు బాగుంది, ముందున్న చెట్టు కాగితం మీద అతికించినట్టుంది అని కనిపించింది కనిపించినట్టు చెప్పండి. చిత్రకళ తెలియకపోయినా ఫర్వాలేదు. కళ్లుంటే చాలు. తప్పు చెబితే నొచ్చుకుంటారేమోనని భయం వద్దు. తమ బొమ్మను ఒకరు అంతసేపు చూశారన్నదే వాళ్లకు దొరికే పారితోషికం. ఇంట్లోవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం. రిటైరయ్యాక రంగులు కొన్న తండ్రిని చూసి నవ్వే పిల్లలు, పిల్లలు పడుకున్నాక వంటగది బల్ల మీద గీసుకునే ఇల్లాలిని చూసి కాగితాలు దండగ అనే భర్తలు మన మధ్య తక్కువేమీ లేరు.

వేసేవారికి కూడా ఒక మాట. బాగా వచ్చాక చూపిద్దామనుకుంటే ఆ రోజు రాదు. పాత మంచిబొమ్మ ఒకటి పట్టుకుని పదేళ్లు చూపించడం కంటే, మొన్న వేసిన సగంబొమ్మ చూపించడం మేలు. పాతదాని మీద ఎవరేమన్నా ఇక చేయగలిగింది లేదు. కొత్తదాంట్లో ఇంకా గుర్రానికి చోటుంటుంది.

ఇక అడగవలసింది అధికారులను. ఇది పెద్ద కోరికేమీ కాదు. అరకులోయకు ఏటా లక్షల మంది వస్తారు, మ్యూజియం ముందు, స్టేషను ప్లాట్‌ఫాం మీద గంటల తరబడి కాలక్షేపం చేస్తారు. మ్యూజియం ఆవరణలో ఒక గోడను ఔత్సాహికుల బొమ్మలకు వదిలేయాలి. ఫ్రేములు వద్దు, ప్రారంభోత్సవాలు వద్దు, న్యాయనిర్ణేతలూ బహుమతులూ అసలే వద్దు. రెండు వరసల తాడు, కొన్ని బట్టల క్లిప్పులు చాలు. విశాఖ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి కాఫీబొమ్మ పక్కన ఆశ్రమ పాఠశాల పిల్ల వేసిన మట్టిబొమ్మ వేలాడాలి. నెల కాగానే దించి కొత్తవి కట్టాలి. పక్కన ఒక బల్ల మీద పుస్తకం, పెన్నూ ఉంచితే చూసినవాళ్లు తోచింది రాసిపోతారు. రాయడం రానివారు చెబితే రాసిపెట్టే మనిషి ఒకరు ఉండాలి. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, పర్యాటక శాఖ, రైల్వే, ఈ మూడింటిలో ఎవరు పూనుకున్నా అయ్యే పని. ఆశ్రమ పాఠశాలల్లో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే అలవాటు మానుకుంటే ఆ గోడకు బొమ్మల కొరత రాదు.

పాఠకులు అంతవరకూ ఆగనక్కర్లేదు. ఈ చలికాలం అరకు వెళితే సంచిలో ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు వేసుకోండి. వేసిన బొమ్మను తిరుగు రైల్లో ఎదుటి సీట్లో కూర్చున్నవారికి చూపించి, ఏం తక్కువైందో అడగండి.